మూడో చెయ్యి

నేను తీసిన ఒక బొమ్మకు కృష్ణా జిల్లాలో ఏడాది పొడుగునా హారతులిచ్చారు. శుక్రవారం శుక్రవారం కుంకుమ బొట్టు పెట్టారు. కొబ్బరికాయలు కొట్టారు. దేవుడు లేడని ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చిన మనిషికి దక్కిన సన్మానం ఇది. లేడనే ఇప్పటికీ అంటాను. ముసలితనంలో నా మనసు మారి ఉంటుందని ఆశపడి ఇది చదవబోయేవారు ఇక్కడే ఆగిపోతే ఇద్దరికీ మంచిది.

నేను చెప్పబోయేది ఫోటోల అమ్మకం గురించి. ఈమధ్య మా వీధి కుర్రాళ్లిద్దరు వచ్చి అడిగారు. వాళ్లు తీసిన ఫోటోలు ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెడుతున్నారట. రేటు ఎంత పెట్టాలి, హక్కులన్నీ ఇచ్చెయ్యమంటే ఇవ్వొచ్చా అని వాళ్ల సందేహం. ఇవ్వొద్దని ఒక్క ముక్కలో చెప్పి పంపించాను. కానీ ఆ ఒక్క ముక్క నేను ఎలా నేర్చుకున్నానో వాళ్లకు చెప్పలేదు. అది ఇక్కడ రాస్తున్నాను.

డెబ్భయ్యో దశకం మొదట్లో నేను బెజవాడ గవర్నర్‌పేటలో ఒక స్టూడియోలో పనిచేసేవాణ్ణి. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు ఫోటోలు, పెళ్లిచూపులకు పంపే నిలువెత్తు బొమ్మలు. వాటిమీద నాకు గౌరవం ఉండేది కాదు. ఎవరో డబ్బిచ్చి నిలబడితే తీసే బొమ్మ కాకుండా, ఎవరూ అడగకముందే తీసి దాచిపెట్టుకుని, కావలసినవాడు వచ్చినప్పుడు అమ్ముకునే బొమ్మల మీద బతకాలని నా కోరిక. అలా బతికేవాళ్లు మద్రాసులో, బొంబాయిలో ఉన్నారని విన్నాను. సెలవు దొరికితే స్టూడియో కెమెరా అడిగి తీసుకుని బస్సెక్కేవాణ్ణి. బందరు వైపు చేపల బుట్టలు, మైలవరం దారిలో మామిడి తోటలు, ఆటోనగర్‌లో లారీల కింద పడుకుని పనిచేసే మేస్త్రీలు, కాలవల మీద పడవలు. ప్రింట్లన్నిటికీ మూలమైన ఫిల్ము నెగటివులు కవర్లలో పెట్టి, కవర్ల మీద పేర్లు రాసి, బిస్కెట్ డబ్బాల్లో భద్రం చేసేవాణ్ణి. వానాకాలం వస్తే వాటికి బూజు పడుతుందేమోనని నాకు నిద్ర పట్టేది కాదు.

మా స్టూడియో యజమాని మహా భక్తుడు. ప్రతి శుక్రవారం కొండ మీదికి వెళ్లి అమ్మవారి దర్శనం చేసుకుని వచ్చాకే షట్టరెత్తేవాడు. నన్ను పేరు పెట్టి ఎన్నడూ పిలవలేదు. "ఏవయ్యా నాస్తికం" అనేవాడు. ఇద్దరం పొద్దస్తమానం వాదించుకునేవాళ్లం. ధర విషయంలో కూడా వాదనే.

"మనిషి పడ్డ శ్రమను బట్టి ధర ఉండాలండీ. ఎండలో ఒక పూటంతా నిలబడి తీశాను" అనేవాణ్ణి నేను.

"నువ్వు ఎండలో నిలబడ్డావా, నీడలో పడుకున్నావా, కొనేవాడికెందుకయ్యా? వాడు దాన్ని ఎక్కడేసుకుంటాడో అడుగు. పేపర్లో మూలన వేస్తే ఒక రేటు. గోడకి కట్టే క్యాలెండర్‌కైతే ఇంకో రేటు. ఏదైనా సరే, నెగటివ్ మాత్రం ఇవ్వబోకు. నెగటివ్ ఇచ్చావంటే ఇల్లు రాసిచ్చినట్టే."

ఆయన దేవుణ్ణి నమ్ముతాడు కాబట్టి ఆయన చెప్పేవన్నీ తప్పులే అయి ఉంటాయని నాకు లోలోపల ఒక నమ్మకం. హేతువాదులకు కూడా కొన్ని మూఢనమ్మకాలుంటాయి.

ఒక ఏడు వరికోతలప్పుడు కంకిపాడు దాటి ఒక పొలం దగ్గర దిగాను. కూలి మనుషులు కోసిన వరిని పనలు కట్టి మోసుకెళ్లి కుప్ప వేస్తున్నారు. ఆ వరసలో ఒకావిడ వస్తోంది. ఇరవై ఐదేళ్లుంటాయేమో. ఒక చేత్తో నెత్తిమీది పన పట్టుకుంది, రెండో చేతిలో కొడవలి. వెన్నంటే ఆమె తల్లి. తెల్లటి జుట్టు, నవ్వు ముఖం, నోట్లో పళ్లు తక్కువ. పన ఒక పక్కకు ఒరుగుతుంటే ఆ ముసలమ్మ వెనకనుంచి చెయ్యెత్తి సర్దింది. ఆ క్షణంలో నొక్కాను. వరి వెన్నులు ఆ పిల్ల తల చుట్టూ ఎండలో విచ్చుకుని ఉన్నాయి. మంచి బొమ్మ వచ్చిందని అక్కడే తెలిసిపోయింది. ఇంకో రెండు తియ్యబోతే ముసలమ్మ సిగ్గుపడి కొంగు ముఖానికి అడ్డం పెట్టేసుకుంది.

"అయ్యగారూ, మాకూ ఒకటి ఇస్తారా?" అని అడిగింది కూతురు.

"అయ్యగారూ అనొద్దమ్మా. నేను మీలాంటి కూలివాణ్ణే. బొమ్మ తప్పకుండా ఇస్తాను మీకు."

తల్లీకూతుళ్లు ముఖముఖాలు చూసుకున్నారు. తమను 'మీరు' అన్న మనిషిని చూడటం వాళ్లకు అదే మొదలనుకుంటాను. "అట్టాగే అయ్యగారూ" అంది కూతురు.

వాళ్లుండే పేట ఎక్కడో అడిగి తెలుసుకున్నాను. చర్చి పక్కన రెండో ఇల్లన్నారు. పొలాల్లో ఫోటోలు తీసే ప్రతివాడూ ఇస్తానంటాడు. నేనూ అన్నాను.

ఆ బొమ్మను పెద్ద సైజులో ప్రింటు వేసి వన్‌టౌన్‌లో ఒక క్యాలెండర్ల వ్యాపారికి చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు. పక్కన కూర్చున్న ఆర్టిస్టుకిచ్చాడు. ఇద్దరూ కళ్లతోనే మాట్లాడుకున్నారు.

"నీ రేటెంత తమ్ముడూ?"

"ఒక ఏడాది క్యాలెండర్‌కైతే ఒక రేటండీ. మళ్లీ వేసుకుంటే మళ్లీ..."

"ఆ ఒకసారి, రెండోసారి గొడవ మనకొద్దు. నెగటివ్‌తో సహా ఇచ్చెయ్. నువ్వడిగినదానికి మూడింతలిస్తాను. ప్రింటు కూడా ఇంకోటి ఉండకూడదు నీ దగ్గర."

మూడింతలంటే నాకు సొంత కెమెరా. వారం తిరక్కుండా నెగటివ్ ఇచ్చేశాను. ఏ ఎరువుల కంపెనీకో, విత్తనాల కొట్టుకో 'కోత' అనే బొమ్మగా వేస్తారనుకున్నాను. శ్రమకు పట్టాభిషేకం అని మా మిత్రులతో గొప్పలు కూడా చెప్పుకున్నాను. మా యజమాని మాత్రం తల పట్టుకున్నాడు. "ఇల్లు రాసిచ్చి గేటు కొనుక్కున్నావు గదయ్యా" అన్నాడు.

ఏడాది పైనే తిరిగి, మరో కొత్త సంవత్సరం వచ్చింది. ఒకరోజు గాంధీనగర్‌లో ఇడ్లీ తింటూ తలెత్తి చూశాను. గల్లాపెట్టె మీద క్యాలెండర్. ధాన్యలక్ష్మి. కింద అగరొత్తులు. ముఖం ఎక్కడో చూసినట్టుంది. దగ్గరికి వెళ్లి చూస్తే నా బొమ్మ! నా ఫోటో మీదే ఆర్టిస్టు రంగులు వేశాడు. నెత్తిమీది పన బంగారు కిరీటమయింది. వరి వెన్నులు కిరణాలయ్యాయి. కొడవలి తామర కాడ అయింది. ముసలమ్మ ఉన్న చోట తామర పువ్వులు. ముఖం మాత్రం ముట్టుకోలేదు. ఆ పిల్ల ఆ పొలంలో ఎలా చూసిందో అలాగే చూస్తోంది.

ముందు పగలబడి నవ్వాను. తర్వాత రక్తం మరిగింది. ఏ మనిషి గడప దాటి లోపలికి రాకూడదో, ఏ మనిషికి మంచినీళ్లు దోసిట్లో పోస్తారో, ఆ మనిషి ముఖానికి పూజగదుల్లో దండం పెడుతున్నారు! మా హేతువాద సంఘం మిత్రులకు చెప్పాను. వాళ్లకు పండగే అయింది. హాలు మాట్లాడారు. ఆదివారం సాయంత్రం సభ. 'ధాన్యలక్ష్మి ఎవరు?' అని కరపత్రాలు అచ్చువేసి బీసెంటు రోడ్డులో పంచేశారు. ప్రధాన వక్తను నేనే. ఉపన్యాసం రాసుకున్నాను. ఈనాటికీ అంత మంచి ఉపన్యాసం మళ్లీ రాయలేదనే అనుకుంటాను. ఒక్కటే లోటు. ఆ మనిషిని వేదికమీద నిలబెట్టాలి.

క్యాలెండర్ చుట్టి చంకలో పెట్టుకుని కంకిపాడు బస్సెక్కాను.

చర్చి పక్క రెండో ఇంటి ముందు ఆమె బియ్యం చెరుగుతోంది. నన్ను గుర్తుపట్టింది. "ఫోటో అయ్యగారా! ఇస్తానన్నారు, ఏడాది తిరిగిపోయింది" అంటూ చేట పక్కనపెట్టి లేచింది. నేను క్యాలెండర్ విప్పి పట్టుకున్నాను. కోపంతో మండిపడుతుందనో, విరగబడి నవ్వుతుందనో అనుకున్నాను. కిరీటం చూసి నవ్వింది, నిజమే.

"ఇది మా కాపుగారింట్లో ఉందండీ. వసారాలోంచి కనపడుద్ది. ఎవరో మా పోలికలో ఉందే అనుకున్నా. నేనేనా?"

"మీరే. మిమ్మల్ని ఆ ఇంట్లోకి రానివ్వరు. మీ బొమ్మకేమో..."

ఆమె నా మాట వినడం లేదు. ముఖం కాగితానికి దగ్గరగా పెట్టింది. దేవతకు నాలుగు చేతులు. కుడివైపు పైచేతిమీద వేలు పెట్టి ఆగిపోయింది.

"ఇది మా అమ్మ చెయ్యండీ."

వంగి చూశాను. ఆర్టిస్టు ముసలమ్మను పువ్వుల కింద కప్పేశాడు గానీ, పన సర్దడానికి ఎత్తిన చేతిని వదిలేశాడు. దేవతకు ఎలాగూ ఇంకో చెయ్యి కావాలి కాబట్టి దానికి గాజులు తొడిగి, అరచేతికి ఎర్రరంగు పూశాడు. చిటికెన వేలు మాత్రం వంకర.

"కొడవలికి తెగి వంకరపోయింది. నా చిన్నప్పుడు. ఈ వేలు పట్టుకునే నేను చర్చికెళ్లేదాన్ని." వేలు తీయకుండానే అడిగింది. "మిగతా అమ్మ ఏదండీ?"

"ఆమె... ఇంట్లో లేరా?"

"వానాకాలంలో జొరమొచ్చి పోయింది. ఫోటో అంటూ ఎప్పుడూ దిగలా. ఆ రోజు మీరు తీసిందే. పోయేముందు కూడా అడిగింది, ఆ బాబు బొమ్మ తెచ్చాడా అని."

నా దగ్గర ఉపన్యాసం పద్నాలుగు పేజీలుంది. క్యాలెండర్ చుట్టెయ్యబోయాను గానీ ఆమె వేలు ఇంకా దానిమీదే ఉంది.

ఊరికే నిలబడలేక సభ సంగతి చెప్పాను. ఎందుకు పిలుస్తున్నానో, అక్కడ ఏం జరుగుతుందో, ఆ తర్వాత కాపుగారు పనికి పిలవకపోవచ్చని కూడా చెప్పాను. 

"పనిదేముందండీ, ఒక కమతం కాకపోతే ఇంకో కమతం. మీ మీటింగుకి వస్తా. నిలబడమన్నచోట నిలబడతా. నాకు అమ్మ బొమ్మ ఇయ్యండి. పువ్వులూ వద్దు, గాజులూ వద్దు. అమ్మ బొమ్మ."

"ఇస్తాను."

"పోయినసారీ అట్టాగే అన్నారు" అంది. నిష్ఠూరంగా కాదు, ఊరికే గుర్తుచేసినట్టు.

నాకు తెలిసినంతలో ఆ బొమ్మ ప్రింటు ఇంకొకటి లేదు. మిగతా నెగటివుల్లో ముసలమ్మ ముఖం కొంగు వెనకాల ఉంది. తిన్నగా వన్‌టౌన్ వెళ్లాను. క్యాలెండర్ల వ్యాపారి బల్లమీద మా కరపత్రం ఉంది.

"రా తమ్ముడూ. నీకోసమే చూస్తున్నా. ఏంటిది? అన్నం పెట్టిన చేతిని కరవటమేనా?"

"అన్నం పెట్టిన చెయ్యి ఆ ముసలమ్మదండీ. మీదీ నాదీ కాదు" అన్నాను. ఆ వాక్యం నా ఉపన్యాసంలో లేదు. ఉండి ఉంటే బాగుండేది. "ఆమె పోయిందట. కూతురికి ఒక్క ప్రింటు వేసి ఇవ్వాలి. నెగటివ్ ఒక్కపూట ఇప్పించండి."

ఆయన ముఖం కొంచెం మారింది. "పోయిందా? అయ్యో. ఆర్టిస్టు అడిగాడు, ముసలమ్మని ఏం చెయ్యమంటారని. పువ్వులేసి కప్పెయ్ అన్నా." బల్లమీది కరపత్రాన్ని మడతపెట్టాడు. తర్వాత వ్యాపారి మళ్లీ వచ్చి ఆయన ముఖంలో కూర్చున్నాడు. "చూడు, నేను దుర్మార్గుణ్ణి కాను. కానీ మా వ్యాపారం భక్తి మీద నడుస్తుంది. నువ్వా పిల్లని తీసుకొచ్చి సభలో నిలబెడితే రేపు క్యాలెండర్లన్నీ మా గుమ్మంలో తెచ్చి పారేస్తారు. ఒక్కపూట కాదు, నెగటివ్ నీకే ఇచ్చేస్తాను. పూర్తిగా. కానీ ఆ సభలో ఈ మాట రాకూడదు. నేనున్నన్నాళ్లూ నువ్వు ఎక్కడా అనకూడదు, రాయకూడదు."

ఆలోచించుకుంటానని బయటికొచ్చాను. చిక్కు ఎంత చక్కగా పడిందో చూడండి. అమ్మ బొమ్మ ఇస్తే ఆమె సభకు వస్తుంది. సభ మానుకుంటేనే అమ్మ బొమ్మ దొరుకుతుంది. తర్కశాస్త్రం క్షుణ్ణంగా చదువుకున్నవాణ్ణి, కాలవ ఒడ్డున కూర్చుని రెండు గంటలు తన్నుకున్నాను, సందు దొరకలేదు. ఒక పక్క వేలమందికి తెలియవలసిన నిజం. ఇంకో పక్క ఒక వంకర వేలు. మా సంఘంలో ఏ పిల్లవాణ్ణి అడిగినా ఏది బరువో ఇట్టే చెబుతాడు. నేనూ అలాగే చెప్పేవాణ్ణి, 'మిగతా అమ్మ ఏదండీ' అన్న ప్రశ్న చెవిలో పడకపోతే. ఆర్టిస్టు ముసలమ్మను పువ్వులతో కప్పాడు. నేను ఉపన్యాసంతో కప్పబోతున్నాను. ఇద్దరికీ కావలసింది ఆ పిల్ల ముఖమే.

శనివారం పొద్దున వెళ్లి సరేనన్నాను. ఆయన బీరువా తీసి కవరు చేతికిచ్చాడు.

సభలో ఆ మాట ఎత్తొద్దని మా మిత్రుల్ని బతిమాలాను గానీ, కారణం చెప్పే వీల్లేదు. "దేవతంటే భయమేసిందా?" అన్నాడు ఒకడు. "అమ్మవారు కల్లోకొచ్చిందిరా వీడికి" అన్నాడు ఇంకొకడు. ఆ వ్యాపారి పోయేదాకా, ఇరవయ్యేళ్లపాటు ఆ మాట నా వెనకాలే తిరిగింది. ఆదివారం సభలో ధాన్యలక్ష్మికి బదులు గ్రహణాల గురించి మాట్లాడుకున్నారట. నేను వెళ్లలేదు.

శనివారం సాయంత్రం స్టూడియో కట్టేశాక డార్క్ రూములో ప్రింటు వేశాను. మా యజమాని ఇంటికి వెళ్లకుండా పక్కనే నిలబడ్డాడు. ఆయనకు మాత్రం అంతా చెప్పాను. ఎర్రలైటు కింద, ట్రేలో కాగితం మీద ముందుగా వరి వెన్నులు తేలాయి. తర్వాత కూతురి కళ్లు. అందరికంటే ఆలస్యంగా ముసలమ్మ జుట్టు, తెల్లనిది కదా, కాగితంలోంచి మెల్లగా విడివడింది. పళ్లు లేని ఆ నవ్వు. ఎత్తిన చెయ్యి.

"అమ్మవారు" అన్నాడు మా యజమాని, అలవాటు కొద్దీ.

"కాదండీ, వాళ్లమ్మ" అన్నాను.

ఆయన ఆ ఒక్కసారే నాతో వాదించలేదు. తన దగ్గరున్న వాటిలో మంచి అట్ట తెచ్చి ప్రింటు దానికి అంటించాడు.

ఆదివారం మధ్యాహ్నం కంకిపాడు దాటి బస్సు దిగేసరికి ఆమె రోడ్డు మీదే నిలబడి ఉంది. తెల్లచీర, తలలో నూనె, చేతిలో చర్చికి తీసుకెళ్లే సంచి. నన్ను చూసి విసుక్కుంది.

"మీరు ఇటొచ్చారేంటండీ? నేనే అటొస్తున్నా. మీటింగు మనకోసం ఆగుద్దా?"

"మన మీటింగు లేదమ్మా."

"ఏం? వానేం పడలేదే!"

"మానేశాం."

నా ముఖంలోకి చూసింది.  బస్సు వెళ్లిపోయింది. కాలవ గట్టున తూము మీద కూర్చున్నాం. కవరు చేతికిచ్చాను. బొమ్మ తీసి ఒళ్లో పెట్టుకుంది. ఏడవలేదు. తల్లి ముఖాన్ని కాదు, ముందు ఆ వంకర వేలిని కొంగుతో తుడిచింది, దానిమీద ఇంకా ఎర్రరంగు ఉందేమో అన్నట్టు. తర్వాత నవ్వింది. "కొంగు కప్పుకోకముందే తీసేశారు. చూడండి ఎట్టా నవ్వుతుందో. పళ్లు లేవని ఎప్పుడూ నోరు తెరిచి నవ్వేది కాదు."

నేను ఇంకో చిన్న కవరు కూడా ఇచ్చాను. అందులో నెగటివ్ ఉంది. ఇది మీ దగ్గరుంటే ఇక ఎవరూ మీ అమ్మకు గాజులు తొడగలేరని చెప్పాను. నా వృత్తి జీవితంలో నెగటివ్‌తో సహా బొమ్మ ఇచ్చేసింది రెండే రెండుసార్లు. రెండుసార్లూ ఇదే బొమ్మ.

"మరి బేరం?" అంది. "మీటింగుకి వస్తానని గదా నేనన్నది. మీరు మాట నిలబెట్టుకున్నారు, నేను నిలబెట్టుకోవద్దూ?"

"పరవాలేదమ్మా."

"పరవాలేదంటే కుదరదండీ. అక్కడ చెప్పే మాటలేవో ఇక్కడే చెప్పండి. నేను వింటా. నేనొక్కదాన్నీ చాలనా ఏంటి?"

జేబులో ఆ పద్నాలుగు పేజీలూ ఉన్నాయి. తీశాను. ఏం చేస్తాను, ఆహ్వానం వస్తే కాదనే అలవాటు లేదు. లేచి నిలబడి గొంతు సవరించుకున్నాను. "సోదర సోదరీమణులారా" అని మొదలుపెట్టాను. ఆమె అటూ ఇటూ చూసింది. కాలవ అవతల ఒక గేదె తప్ప ఎవరూ లేరు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, అచ్చం వాళ్లమ్మలాగా. నేను ఆపలేదు. మనిషి ముఖానికి మొక్కి మనిషిని గడప బయట నిలబెట్టే సమాజం గురించి చదువుకుంటూ పోతున్నాను. ఆమె వింటూనే చిన్న కవరులోంచి నెగటివ్ తీసి, రెండు వేళ్లతో అంచులు పట్టుకుని, ఎండకు అడ్డంగా ఎత్తింది.

మీరు నెగటివ్ చూసి ఉండకపోవచ్చు. అందులో అన్నీ తారుమారు. తెలుపు నలుపవుతుంది, నలుపు తెలుపవుతుంది.

"అయ్యగారూ, ఒక్క నిమిషం ఆగండి" అంది. ఎండలో ఆ చిన్న ముక్కను కంటికి దగ్గరగా తెచ్చుకుంది. గొంతు తగ్గించి, నాతో కాదు, దాంతోనే చెప్పింది.

"అమ్మ జుట్టు నల్లబడింది."

కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని ఆమె పక్కన కూర్చున్నాను. నన్ను కూడా చూడనిచ్చింది.